కొబ్బరి కాటా

చేయవలసిన పనులు:

ఒకటి, తూకం. ఆదివారం ఆరాధన అయ్యాక, శ్రీనివాసరావుగారి కొబ్బరి కొట్టులో.
రెండు, మద్రాసు డాక్టరుగారికి ఇంగ్లీషులో ఉత్తరం (ప్రకాశం).
మూడు, రాజమండ్రి నుంచి మెయిలుకు రెండు టిక్కెట్లు. కింది బెర్తులు.
నాలుగు, రక్తం, మూత్రం పరీక్షలు. అమలాపురం.
ఐదు, ఈ ఏడు ఆవకాయ పెట్టరాదు.
ఆరు, పట్టు జాకెట్టు టైలరుకు ఇవ్వడం. కొలత ఇప్పటిది కాదు, డిసెంబరుది.
ఏడు, సంఘంలో ప్రార్థన మనవి. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.
ఎనిమిది, రాహేలుకు చెప్పడం.

1984 ఏప్రిల్ నెలాఖరున మా బావ యాకోబుగారు రాసిన జాబితా ఇది. తాలూకా ఆఫీసులో ఇరవై ఏళ్ళు కాగితాలు తిరగేసి సీనియర్ అసిస్టెంటు అయిన మనిషి. ఉత్తర్వు ఎవరి మీద అమలవుతుందో వాళ్ళకు నకలు ఆఖరున అందించడం ఆ ఆఫీసు ఆయనకు నేర్పిన మర్యాద. రాహేలు ఆయన భార్య, మా అక్క. ఆపరేషను ఆమెకు.

నేను ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. మా నాన్న కొబ్బరి కొట్టులో మూటలు మోసి మోసి పోయాడు. మా అమ్మ కాయలు వలిచి వలిచి పోయింది. నన్ను బి.ఏ. చదివించింది అక్క. ఆమె మిషను ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, ఆ తరవాత హెడ్‌మిస్ట్రెస్. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, పెద్ద వాక్యాలు రావు. కాబట్టి డాక్టర్లకు ఉత్తరాలు రాయడం, వాళ్ళు రాసినవి చదివి తెలుగులో చెప్పడం నా పని. అంతకు ముందు రెండు వైద్యాలు నా ఇంగ్లీషు మీదే నడిచాయి. ఇది మూడోది.

ఎనిమిదో పని బావ చేయనక్కర్లేకపోయింది. శనివారం ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో ఆ కాగితం దొరికింది అక్కకు. మధ్యాహ్నం భోజనాల దగ్గర హాజరు పిలిచినట్టు ఒకటి నుంచి ఎనిమిది దాకా చదివి, కాగితం మడిచి బావ కంచం పక్కన పెట్టింది.

"ఎనిమిదోది అయిపోయిందండి. ఇంక ఏడున్నాయి."

బావ ముద్ద మింగి, "అది కాదు రాహేలూ. ఇది వేరే పద్ధతంట. పాతది విప్పేసి, పేగు ఎప్పట్లా కలిపేసి, పొట్టకి అడ్డంగా పిన్నులు కొడతారు. గుప్పెడన్నానికి కడుపు నిండిపోద్ది. ఇంక బాధే లేదు," అన్నాడు.

"మొదట నోటికి తీగ కట్టించేరు. తరవాత పేగు కోయించేరు. ఇప్పుడు పొట్టకి పిన్నులా. నేనేమన్నా మీ ఆఫీసు ఫైలునా అండీ?"

బావ తల్లి పాపాయమ్మగారు మజ్జిగ పోస్తూ, "నీ మంచికే కదే. డిసెంబరులో నూరేళ్ళ పండగాయె. దొరలొస్తారు. వీడు కార్యదర్శి. దండలేయడానికి నువ్వు స్టేజీ ఎక్కితే..." అని ఆగింది.

"ఎక్కితే ఏమవుద్దో చెప్పండత్తా. విరుగుద్దా?"

సంగతి అదే. మా చర్చి సంఘానికి ఆ డిసెంబరుకు నూరేళ్ళు నిండుతాయి. విదేశాల నుంచి నలుగురు అతిథులు వస్తారు, అరగంట కూర్చుంటారు, బిస్కెట్లు తిని వెళ్ళిపోతారు. ఆ అరగంట కోసం మా బావ తన భార్య కడుపు కోయించదలుచుకున్నాడు. టైలరుకు ఇవ్వాల్సిన కొలత కూడా ముందే నిర్ణయించాడు. చుట్టూ ఆరంగుళాలు తక్కువ.

ఆ ముందటి రెండు వైద్యాల సంగతి కూడా చెప్పాలి.

మొదటిది 1979లో. కాకినాడలో ఒక పళ్ళ డాక్టరు అక్క దవడలు రెండూ కలిపి ఉక్కు తీగతో బిగించాడు. నమలలేకపోతే తినరు, తినకపోతే తగ్గుతారు అని ఆయన సిద్ధాంతం. ద్రవపదార్థాలు మాత్రమే ఇవ్వండి అన్నాడు. ఆ మాట ఏ ఎడారిలోనో చెప్పి ఉంటే ఫలించేదేమో. పెరట్లో ఇరవై కొబ్బరిచెట్లున్న ఇంట్లో చెప్పాడు. ద్రవమంటే పాపాయమ్మగారికి కొబ్బరిపాలు. తురిమి, పిండి, మొదటి పాలు చిక్కగా తీసి, బెల్లం కలిపి, ఏలకులు దంచి వేసి పూటకో చెంబు. "పాలేగా, చలవ చేస్తాయి," అనేది. బొప్పాయి కాడను గొట్టంగా చేసుకుని అక్క పళ్ళ సందులోంచి పీల్చేది. ఆకలితో నకనకలాడే మనిషి, వద్దనడానికి కూడా నోరు తెరుచుకోదు. ఆ చెంబు అందించేది నేను. అప్పటికి బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను, మేధావిని.

వాంతి వస్తే ఊపిరాడదు కాబట్టి తీగలు కత్తిరించుకోవడానికి ఒక కటింగ్ ప్లేయరు మెడలో వేలాడదీసుకోమన్నారు. నాలుగు నెలలు అక్క మెడలో ఆ ఇనప ముక్కతో బడికి వెళ్ళి, బోర్డు మీద రాసి చూపిస్తూ పాఠాలు చెప్పింది. తీగ విప్పేసరికి మూడు కిలోలు పెరిగింది. 'పేషెంటు సహకరించలేదు' అని రాసిచ్చాడు ఆ డాక్టరు. ఆ వాక్యం కూడా నేనే చదివి వినిపించాను.

రెండోది 1981లో, మద్రాసులో. ఇరవై అడుగుల పైన ఉండే పేగులో అడుగున్నర వాడకంలో ఉంచి, మిగతాది నీళ్ళు వదలని కాలువలా లోపలే పక్కన పెట్టేశారు. తిన్నది ఒంటికి పట్టకుండా పోతుందన్నారు. పోయింది, నిజమే. రోజుకు పది పన్నెండుసార్లు పోయింది. మిషను బడికి పేరుంది, చరిత్ర ఉంది, మరుగుదొడ్డి లేదు. పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పడేసి, రోడ్డు దాటి మహాలక్ష్మమ్మగారి పెరట్లోకి పరుగెత్తేది అక్క. ఆ బ్రాహ్మల ముసలావిడ మొదటిరోజు ఒక్క ప్రశ్న వేయలేదు. రెండోరోజు నుంచి తొట్టిలో నీళ్ళు నింపి ఉంచింది. ఆ మూడేళ్ళలో మా అక్కకు ఎవరైనా వైద్యం చేశారంటే ఆవిడే.

ముప్పై కిలోలు తగ్గింది. జుట్టు సగం రాలింది, మోకాళ్ళు వాచాయి. బావ ఆమెను ఏడాదిపాటు పెళ్ళిళ్ళకు, ప్రతిష్ఠలకు తిప్పి చూపించాడు. ఆ తరవాత అడుగున్నర పేగు తన పని తాను నేర్చుకుంది. బరువు మొత్తం తిరిగొచ్చింది. పరుగులు మాత్రం ఆగలేదు.

జాబితా దొరికిన సాయంత్రం అక్క బడి తాళాలు చూసుకుని వస్తానని బయల్దేరింది. అరుగు చివర కూర్చుంటే నేను ఆమె చెప్పు పట్టీ పెడుతున్నాను. వంగితే ఆమెకు అందదు.

"వెళ్ళాలని ఉందా అక్కా?"

"ఉందిరా," అంది వెంటనే. నేను అది ఊహించలేదు.

"దొరల కోసం కాదు. ఈ పట్టీ నేను పెట్టుకోవాలని. ఒకటో తరగతి పిల్లల పక్కన కింద కూచుని, చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించాలని. కింద కూచుని ఎనిమిదేళ్ళయింది. కూచుంటే లేపడానికి ఇద్దరు కావాలి. బస్సెక్కితే కండక్టరు 'రెండు టిక్కెట్లు కొట్టమంటారా టీచరుగారూ' అంటాడు. బస్సంతా నవ్వుద్ది. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకా బాగోదు."

"అయితే వెళ్తావా?"

"బతికొస్తానంటే వెళ్తాను. ఆ ముక్క ఎవరన్నా సరిగ్గా చెప్తే. పట్టీ బిగించేవు, కొంచెం వదులు చెయ్యి."

నేను వదులు చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్లచీరలోనే, అక్కను కొట్టుకు తీసుకెళ్ళాము. ఆసుపత్రి తూకం నూట ఇరవై దగ్గర కొట్టుకుని ఆగిపోతుంది. అందుకని ఐదేళ్ళుగా ఆమె బరువు చూసేది ఎండుకొబ్బరి బస్తాలు తూచే కాటా మీదే. కాటా చూసే నతానియేలు మా సంఘస్థుడే, మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. తాళం తీసి, కాటా మీది కొబ్బరిపొట్టు కండువాతో దులిపాడు.

ఈసారి తూకం మీద చాలా ఆధారపడి ఉంది. నూట ఇరవై ఐదు కిలోలు దాటితే మత్తు ఇవ్వడం ప్రాణాపాయం, దాటితే చేర్చుకోము అని మద్రాసు డాక్టరు రాశాడు.

"అటు తిరిగి నుంచో. ఊగకు," అన్నాడు బావ.

అక్క గుమ్మం వైపు తిరిగి నిలబడింది. పక్కన కుట్టిన బస్తా ఒకటి ఉంది.

"ఇదెంత బాబాయ్?" అంది వెనక్కి చూడకుండా.

"ఎనభై అమ్మా."

"ఎండి ఎనభై. నేను పచ్చిదాన్ని, జాగ్రత్తగా చూడు."

నతానియేలు కడ్డీ మీద గుండు మెల్లగా జరిపి, గీతలు చూసి, పెదాలు కదిపి ఏదో గొణుక్కుని, "నూట ఇరవై నాలుగండి," అన్నాడు.

"స్తోత్రం," అన్నాడు బావ. ఒక్క కిలో తేడాతో దేవుడు ఆయన పక్షాన నిలబడ్డాడు. జాబితా తీసి మొదటి పనికి అక్కడే టిక్కు పెట్టాడు.

సోమవారం పొద్దున్న నేను ఉత్తరం రాశాను. మర్యాదలన్నీ పాటించి, మీ దయగల సూచన ప్రకారం పేషెంటు ప్రస్తుత బరువు నూట ఇరవై నాలుగు కిలోలు అని మనవి చేసుకున్నాను. నా ఇంగ్లీషు అప్పటికి బాగా ముదిరింది. కవరు అంటించి పోస్టాఫీసుకు వెళ్తుంటే నతానియేలు ఎదురొచ్చి తలగుడ్డ తీశాడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకున్న మనిషే. తాలూకా ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి నన్ను అండీ అనడం మొదలుపెట్టాడు.

"ప్రకాశంగారండి, చిన్న సందేహమండి. మద్రాసు డాక్టరుగారు మళ్ళీ తరుగు తీస్తారాండి?"

"తరుగేమిటి?"

"తరుగండి. తేమకి రెండు, గోనెకి రెండు. నూటికి నాలుగు తీసేసి చెప్పడం మా కొట్టు పద్ధతండి. ఇక్కడ ఓసారి తీసి అక్కడ ఓసారి తీస్తే అమ్మాయి లెక్క తప్పిపోద్ది కదండీ. అందుకనడిగేను."

నేను కవరు చేతులు మార్చుకున్నాను. "అక్క బరువులో కూడా తీశావా?"

"ఆయ్. నోటికి అదే వచ్చేస్తదండి. ముప్పై ఏళ్ళ అలవాటు. ఎప్పుడూ తీసేనండి, మొదటిసారి కాణ్ణుంచీ."

"కాటా మీద ఎంతుంది మరి?"

"నూట ఇరవై తొమ్మిదండి."

"బావకు తెలుసా?"

నతానియేలు నావైపు వింతగా చూశాడు. "తెలీకపోవడమేటండి. గీత మీద చూసేరు కదండీ. మొన్న శనివారం కొట్టుకొచ్చి చెప్పేరు కూడానండి. 'నతానియేలూ, ఎప్పట్లాగే నీ పద్ధతిలో చెప్పు, కొత్తగా ఏం చెయ్యకు' అని."

అమాయకుడు. అలవాటు కొద్దీ చేశాడు. మా బావకు ఏ అలవాటూ లేదు. ఆయన మనిషిలోంచి ఐదు కిలోలు తీసేశాడు, మత్తు ఇచ్చేవాడు ఆ ఐదు కిలోలూ లేవనుకుని సూది పొడవడానికి.

ఉత్తరం నేను పోస్టు చేయలేదు. దాన్ని ధైర్యమని చెప్పుకోను. చెయ్యి ఎర్రడబ్బా దాకా వెళ్ళింది, లోపలికి వెళ్ళలేదు. ఆఫీసుకు సెలవు చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో అక్క ఆవకాయ పెడుతోంది. ఐదో పనిని అలా కొట్టేసింది. కొట్టిన మామిడి ముక్కలు చాప మీద పరిచి, ఎత్తు కుర్చీలో కూర్చుని, ఒడిలోకి తీసుకుని ఒక్కొక్కటీ పాత గుడ్డతో తుడుస్తోంది. నతానియేలు చెప్పింది చెప్పాను. చేయి ఆపకుండా వింది.

"నాన్న పదహారేళ్ళు ఆ కొట్లో మూటలెత్తేడు," అంది. "తరుగంటే తెలీకుండా పెరగలేదు. మనిషిక్కూడా తీస్తారని మాత్రం తెలీదు."

నేను కదలకుండా నిలబడ్డాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మూడేళ్ళుగా ఉంది.

"అక్కా, ఎనభై ఒకటిలో డాక్టరు రాసిన ఉత్తరం. నేను నీకు చదివి చెప్పింది మొదటి పేజీయే."

ఆమె ముక్క తుడుస్తూనే ఉంది.

"రెండో పేజీలో విరేచనాలు జీవితాంతం ఉంటాయని రాశాడు. కాలేయం చెడిపోవచ్చు, మూత్రపిండాల్లో రాళ్ళు పడొచ్చు అని. నూటికి నలుగురు తిరిగి ఇంటికి రారని. బావ కళ్ళతో వద్దన్నాడు. అప్పుడు నాకు ఉద్యోగం చూస్తున్నాడు."

"తెలుసురా," అంది అక్క.

"ఏం తెలుసు?"

"నువ్వు చదివింది ఆరు వాక్యాలు. నీ చేతిలో ఉన్నవి రెండు కాగితాలు. పాఠం సగం మింగేసిన పిల్లాణ్ణి గుర్తుపట్టలేకపోతే నేనేం టీచర్నిరా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూసేను." ఇంకో ముక్క తీసుకుంది. "మూడేళ్ళు చూసేను."

బావను చిన్నచూపు చూడటం నాకు తేలిక, ఈ కథంతా అదే పని చేస్తున్నాను కూడా. కానీ ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఇంకో తరుగు తీసేవాడు ఉన్నాడు. డిగ్రీ ఉన్నవాడు, అక్షరం అక్షరం తెలిసి తీసినవాడు.

అక్క ఒడిలోంచి రెండో గుడ్డ తీసి నా మీదకు విసిరింది. "నుంచున్నావేం. ఆ ముక్కలు తుడువు. తడుంటే బూజు పట్టుద్ది."

కూర్చుని తుడిచాను.

మర్నాడు పదకొండు గంటలకు, ఎండ నడినెత్తికి రాకముందు, గొడుగు వేసుకుని అక్క నడిచి కొట్టుకు వెళ్ళింది. వెనక నేను. ఈసారి కొట్టు నిండా మనుషులున్నారు. ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొబ్బరి చిప్పలు విడదీస్తున్నారు. సగం మంది పిల్లలు అక్క దగ్గర చదువుతున్నవాళ్ళే. చేతులు ఆగిపోయాయి.

"బాబాయ్, కాటా ఖాళీ చెయ్యి."

నతానియేలు బస్తా దించాడు. అక్క ఎక్కి, ఈసారి కడ్డీ వైపు తిరిగి నిలబడింది.

"తరుగు తియ్యకుండా చెప్పు."

నతానియేలు గుండు జరిపాడు, చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. "నోరు తిరగట్లేదమ్మా. నూట ఇరవై నాలుగనే వచ్చేస్తంది."

"తప్పుకో. నేను చదువుతాను."

బోర్డు మీద అంకె చదివే గొంతుతో చదివింది. "నూట ఇరవై తొమ్మిది."

అప్పుడు మూలనుంచి ఎవరో ఒకావిడ, "టీచరుగారికి తరుగేంటి నతానియేలూ, ఎండేరా ఏటి?" అంది. ఇరవై మందీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. బస్సులో నవ్వే నవ్వు నాకు తెలుసు. ఇది అది కాదు.

మేము ఇంటికి చేరేలోపే ఆ వార్త తాలూకా ఆఫీసుకు చేరింది. బావ భోజనానికి రావలసిన వేళకంటే ముందే వచ్చాడు.

"పట్టపగలు, పనోళ్ళ ముందు కాటా ఎక్కేవా? నా పరువు తీసేవు."

"మీరు ఐదు కిలోలు తీసేరు. నేను పరువు తీసేను. సరిపోయిందండి."

"ఐదు కిలోలకి ఏమవుద్దే? డాక్టర్లు అలాగే రాస్తారు. ఓ పది అటూ ఇటూ ఉంటదని వాళ్ళకీ తెలుసు."

"అయితే వాళ్ళనే అడుగుదాం. ప్రకాశం, కాగితం తే."

ఆమె తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో రాశాను. దయగల సూచనలూ మనవులూ లేవు. అయ్యా, నా బరువు నూట ఇరవై తొమ్మిది. ఇంతకు ముందు మీకు రాసిన బరువులన్నీ గోనెకీ తేమకీ తీసేసి రాసినవి. నాకు గోనె లేదు. మూడు ప్రశ్నలు. ఈ పిన్నుల ఆపరేషను ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు? అందులో ఈ రోజు లేచి తిరుగుతున్నవాళ్ళు ఎంతమంది? ఈ బరువుతో మత్తు ఇస్తే నేను లేస్తానా? జవాబు సరిగ్గా ఉంటే వస్తాను. ఇట్లు, రాహేలు, హెడ్‌మిస్ట్రెస్.

రాసింది తిరిగి తెలుగులో చదివి వినిపించమంది. వినిపించాను. ఆమె వేలు మడుస్తూ వాక్యాలు లెక్కపెట్టుకుంది.

పోస్టుమాన్ వచ్చే వేళకు ఆ మే నెలంతా అక్క అరుగు మీదే ఉండేది. నాకు తెలుసు, ఆమె వెళ్ళడానికే సిద్ధంగా ఉంది. పెట్టె అడుగున రెండు కొత్త దుప్పట్లు మడిచి పెట్టుకుంది. మహాలక్ష్మమ్మగారిని బడి తాళాలు ఉంచమని అడిగింది. ముప్పై మందికి చేశాను, ఇరవై ఐదుగురు తిరుగుతున్నారు అని డాక్టరు రాసి ఉన్నా వెళ్ళేదే. ఆ మాటకొస్తే, ముగ్గురికే చేశాను, చెప్పలేను అని రాసి ఉన్నా వెళ్ళేదేమో. అడిగినదానికి చెప్పాడు కదా అని.

తొలకరి పడి, బడులు తెరిచిన వారానికి జవాబు వచ్చింది. ఒకే పేజీ, టైపు చేసినది. తడిసిన కవరు జాగ్రత్తగా విప్పి అరుగు మీద నిలబడి చదివాను. బావ ఆఫీసుకు వెళ్ళకుండా గుమ్మంలో ఆగాడు.

పేషెంటు బరువు సంతృప్తికరంగా ఉన్నందుకు సంతోషం. జులై రెండో తారీఖు ఉదయం ఎనిమిదికి చేరవలెను. పాత ఫోటో ఒకటి, కొత్త ఫోటో ఒకటి తేవలెను. కంగారు పడవలసిన పని లేదు.

అంతే. ఎనభై ఒకటిలో ఆయన తారీఖు ఇస్తూ రాసిన ఉత్తరం తీసి పక్కన పెట్టి చూశాను. వాక్యాలు అవే. తారీఖు మారింది.

"ఇంకో పేజీ ఉందా?" అంది అక్క.

"లేదక్కా. నిజంగా లేదు." వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు చూపించాను.

"నూట ఇరవై తొమ్మిదని రాసేవుగా?"

"రెండుసార్లు రాశాను. అంకెల్లోనూ అక్షరాల్లోనూ."

బావ గొంతు సవరించుకున్నాడు. "చూసేవా, సంతోషమనే రాసేరు. నేను చెప్పలేదా? టిక్కెట్లు రేపే..."

"చదవలేదండి," అంది అక్క. కోపంగా కాదు. పిల్లవాడి కాపీ పుస్తకం దిద్దుతూ అన్నట్టు అంది. "నా ఉత్తరం చదవనివాడు నా కడుపు లోపల ఏం చదువుతాడు."

ఆమె లేచి లోపలికి వెళ్ళి బావ జాబితా తెచ్చింది. ఎనిమిదో పని ఎదురుగా, ఎర్ర పెన్సిలుతో, 'చెప్పేరు. రాహేలు రాదు' అని రాసి ఆయన చేతికిచ్చింది. డాక్టరు ఉత్తరం నాలుగు మడతలు పెట్టి, ఊగులాడుతున్న తన ఎత్తు కుర్చీ కాలి కింద దోపింది. కూర్చుని చూసింది. కుర్చీ ఊగలేదు. ఆ ఇంటికి వచ్చిన ఇంగ్లీషు కాగితాలన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే.

పెట్టెలోంచి ఆ దుప్పట్లు తీసినప్పుడు మాత్రం చాలాసేపు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను.

ఆ జూన్‌లో మా ఇల్లు గోడ కట్టకుండానే రెండయింది. బావ మంచం ముందు వసారాలోకి మారింది. అక్కకు చెప్పవలసినవి ఆయన నాకు చెప్పేవాడు, ఆఫీసులో నోట్ పెట్టినట్టు. మొదట రెండు రోజులు మోశాను. మూడోరోజు, "అక్క పెరట్లో ఉందండి బావగారూ, మీరే చెప్పుకోండి," అన్నాను. నాకు ఉద్యోగం ఎవరు వేయించారో గుర్తుచేస్తాడనుకున్నాను. చేశాడు కూడా. విని ఊరుకున్నాను. ఆవకాయ మాత్రం కొత్త జాడీ తీసిన రోజునుంచీ మారు వడ్డించుకుని తిన్నాడు.

మరుసటి వేసవిలో ఒక సర్కారు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ, అక్క అడిగినవన్నిటికీ గంటసేపు కూర్చుని జవాబు చెప్పి, తనకు తెలియనివి తెలియదని చెప్పి, ఆ పేగును మళ్ళీ కలిపేసింది. పిన్నులు కొట్టలేదు. బరువు తగ్గలేదు. పరుగులు ఆగాయి. అక్క మరో పదకొండేళ్ళు ఉంది. బడికి మరుగుదొడ్డి కట్టించి గాని రిటైరవలేదు. చివరిదాకా ఆమె చెప్పు పట్టీ నేనే పెట్టాను.

నూరేళ్ళ పండుగ సంగతి మిగిలింది. 1984 డిసెంబరులో దొరలు వచ్చారు, బిస్కెట్లు తిన్నారు. ఆరంగుళాలు తక్కువ కుట్టిన పట్టు జాకెట్టు ఎవరికీ పట్టక పెట్టెలోనే ఉండిపోయింది. అక్క తన పాత తెల్లచీరలో, బడి నుంచి పిల్లలు మోసుకొచ్చిన టేకు బెంచీ మీద ముందు వరసలో కూర్చుంది. స్టేజీ ఎక్కమని ఆమెను ఎవరూ పిలవలేదు. ఫోటో తీశారు. పండుగ సంచిక అచ్చువేయించే పని కార్యదర్శిది. పేజీకి సరిపోలేదని ఫోటోను కుడివైపు కొంచెం కత్తిరించారు.

ఆ సంచిక మా వైపు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఎప్పుడైనా మీ చేతికి వస్తే పద్నాలుగో పేజీ తీయండి. దొరలు, కార్యదర్శిగారు మధ్యలో ఉంటారు. వాళ్ళను వదిలేయండి. కుడి అంచున తెల్లచీరలో సగం మనిషి కనిపిస్తుంది, ఒక భుజం, ఒక చెయ్యి, ఆ చెయ్యి పట్టుకున్న ఒకటో తరగతి పిల్ల. ఆమె రాహేలు టీచరుగారు. మిగతా సగం కూడా ఉందని గుర్తుంచుకోండి. మొత్తం నూట ఇరవై తొమ్మిది కిలోలు. తరుగు తీయకండి.